రోడ్డు దాటగల ఉపగ్రహం కావలెను

అధికారులు కుర్చీలోంచి లేవకూడదు! ఇది నా స్థిరమైన అభిప్రాయం. పైన అన్నీ చూసే ఉపగ్రహాలు తిరుగుతుంటే, కింద ఎండలో మనుషులు తిరగడం దేశానికి అవమానం కాదా?

మీ కంటికీ నా కంటికీ ఏడు రంగులే. ఉపగ్రహం అదే వెలుగును రెండు వందల రంగులుగా విడదీసి చూస్తుంది. కింద ఉన్నది మట్టా, మిరప చేనా, సున్నపురాయా చెప్పేస్తుంది. సామాన్యమా!

మొన్న అది ఆళ్లగడ్డ మీదుగా పోతూ శిల్పి లక్ష్మీనారాయణ షెడ్డును చూసింది. వాళ్ల నాయన కాలం నుంచి చెక్కుతూ ఉంటే రాలిన రాతిపొడి అక్కడే పేరుకుని ఉంది. ఇంకేం, 'అనుమతి లేని క్వారీ' అని తేలింది. షెడ్డుకు సీలు పడింది.

లోపల నా భార్య పూర్ణిమ సమాధిరాయి ఉంది. ఈ ఆదివారమే ఆమె ఏడాది జ్ఞాపకార్థ కూడిక. ఆలోగా రాయిని నంద్యాల సమాధుల తోటలో నిలబెట్టాలి.

సీలు వేసినవాళ్లు మంచివాళ్లు. పాలిష్ పెట్టిన రాయి వాకిట ఎండలో ఉందని లోపల నీడలోకి జరిపి మరీ తాళం వేశారు. ఆ దయ రెండు వందల రంగుల్లో ఏ రంగో నాకు తెలియదు గానీ, రెండు రోజులు దాన్ని తలచుకునే అన్నం తిన్నాను.

లక్ష్మీనారాయణా నేనూ గనుల శాఖ ఆఫీసుకు పోయాం. ఆఫీసరు తెర మీద రెండు బొమ్మలు చూపించారు. ఒకటి పెద్ద ఉపగ్రహానిది. రంగులు నిక్కచ్చి, కానీ బొమ్మలో ఒక్కో చుక్క నేల మీద నాలుగిళ్లంత! అందులో షెడ్డూ, టీ కొట్టూ, బస్సుల కోసం నిలబడ్డ జనమూ అంతా కలిసి క్వారీయే. రెండోది సూట్‌కేసంత చిన్న ఉపగ్రహానిది. చుక్క చిన్నది, చూపు తరచు, రంగులే కాస్త తడబడతాయి. షెడ్డు మీద కప్పిన పచ్చ టార్పాలిన్ పట్టాను చూసి అది మొక్కజొన్న చేనంది!

"రెండూ ఒకే మాట చెప్పేదాకా సీలు తీసేదానికి లేదు" అన్నారు ఆఫీసరు.

"సారూ, మీరు రోజూ మా షెడ్డు ఎదురుగానే గదా టీ తాగుతాండారు!" అన్నాడు లక్ష్మీనారాయణ.

"టీ తాగేటప్పుడు నేను డ్యూటీలో ఉండనప్పా."

"రోడ్డు దాటొచ్చి సూడండి సార్. క్వారీ అంటే గుంత ఉండాల గదా, యాడుంది గుంత?"

"నేనొచ్చి చూస్తే అది నా అభిప్రాయమైతాది. పైనుంచి చూస్తే ఆధారమైతాది."

చూశారా నిష్పక్షపాతం! ఇప్పుడు మూడో ఉపగ్రహం తీర్పు చెప్పాలట. మబ్బులు తొలగాక!

కాబట్టి శాస్త్రవేత్తలకు నాదొక విన్నపం. పెద్దదా చిన్నదా అనే తగువు మానండి. మధ్యరకం ఒకటి తయారుచేయండి. ఐదున్నర అడుగుల ఎత్తు. రంగులు ఏడు చాలు. రెండు కాళ్లు మాత్రం తప్పనిసరి. టీ గ్లాసు కింద పెట్టి, రోడ్డు దాటి, నీడలో ఉన్న రాయి మీద పేరు చదవగలిగితే చాలు.

చదవడమూ కష్టం కాదు. పేరులో ఇప్పటికి చెక్కింది రెండక్షరాలే. మూడోది చెక్కడానికి లక్ష్మీనారాయణ ఉలి పట్టుకుని తాళం ముందు కూర్చుని ఉన్నాడు.