ఒక్క మోతలో రెండు కబుర్లు

ఒక పెద్ద అడవిలో కబుర్లకు కొదవ లేదు గానీ, వాటిని చేరవేసేది మాత్రం ఒక్క వడ్రంగిపిట్టే. ఎగువన ఏనుగులు, దిగువన ఏటి పక్కన సింహం దర్బారు, నడుమ కొండ. ఏ వైపు అరుపైనా కొండ వరకే వినిపిస్తుంది. పిట్ట దాన్ని అరుపుకో దెబ్బ చొప్పున ఎండుమాను మీద కొట్టి అవతలివాళ్లకు వినిపించేది. ఒక దెబ్బంటే 'చూద్దాం', రెండంటే 'ఇస్తాం', మూడంటే 'వరద', నాలుగంటే 'క్షేమం'. పొరపాటు రాకుండా ప్రతి కబురూ మళ్లీ ఒకసారి కొట్టాలని పాత నియమం.

పొదుపు మంత్రి గుంటనక్కకు ఇది దండగనిపించింది. రెండు వైపుల కబుర్లూ కలిపి సాయంత్రం ఒకేసారి కొట్టమంది. ఎవరి దెబ్బలు వారు తీసేసుకుంటే మిగిలింది అవతలివాళ్ల కబురు. తప్పు దొర్లితేనో అని తాబేలు నసిగింది.

"దొర్లితే పిట్ట ముక్కులో దొర్లాలి, మనలో దొర్లదు" అంది నక్క.

నిజం చెప్పొద్దూ, లెక్క భేషుగ్గా నడిచింది. పిట్టకు మెడనొప్పి తగ్గింది.

వానలు పట్టాయి. దిగువ గడ్డిలో మేస్తామని ఏనుగులు అడిగి ఉన్నాయి. మధ్యాహ్నం సింహం మంచి హుషారులో రెండుసార్లు గర్జించింది. భోజనాలయ్యాక బావమరిది పులి అలిగింది. తను పొంచి ఉండేది ఆ గడ్డిలోనే మరి. సింహం దాన్ని బుజ్జగిస్తూ, తనన్నది 'చూద్దాం' అనేనంది. ఒక్కసారే గర్జించారని దర్బారంతా తలూపింది.

సాయంత్రం కొండ మీంచి అయిదు దెబ్బలు వినిపించాయి. నక్క అందులోంచి రాజుగారి ఒకటి తీసేసింది. నాలుగు, క్షేమం. అందరూ చప్పట్లు కొట్టారు.

లేడి చెంగమ్మ మాత్రం రాజుగారి ముందుకు నడిచింది. ఇంకా కాళ్లు నిలవని పసికూనను ఏటి ఒడ్డునే పడుకోబెట్టి వచ్చింది.

"ప్రభూ, మధ్యాహ్నం తమరు రెండుసార్లు గర్జించగా విన్నాను. రెండు తీస్తే మూడు."

"అంటే నేను అబద్ధమాడానంటావా?"

"లేదు ప్రభూ. నాకే లెక్కలు రావు" అని చెంగమ్మ ఒక్క పరుగున వెళ్లి, కూనను మూతితో నెట్టుకుంటూ కొండెక్కింది.

పొద్దు గుంకకముందే ఏరు దర్బారులోకొచ్చింది. కొలువు కొలువంతా బురదలో ఈదుకుంటూ కొండెక్కేసరికి చెంగమ్మ బిడ్డను నాకుతోంది. ఒళ్లు పొడిగా ఎందుకుందో చెప్పమని దానికి సంజాయిషీ నోటీసిచ్చారు. నక్క విచారణ జరిపి, లెక్క నిర్దోషి, దోషమంతా ముక్కుదని తేల్చింది. పిట్ట సస్పెండయింది.

నీతి: అవతలివాడి కబురు తెలియాలంటే మనమన్న మాట మనకు గుర్తుండాలి, రాజుగారికి అది కుదరదు గనుక పిట్టనే మార్చాలి.