కవర్ల వదినకు కేటాయించిన దిగంతం

మనిషి కడుపు అతని సొంత ఆస్తి అనే అపోహ నేల మీద చెల్లుతుందేమో గానీ, నీళ్ళ మీద చెల్లదు. విహార నౌకల సంస్థ ఈ సంగతి ఎప్పుడో తేల్చేసి, దానికోసం ఒక శాఖనే పెట్టింది. పేరు సముద్ర వికార నివారణ విభాగం. ఓడెక్కే ప్రతి కడుపుకూ ఒక నివారణ ఉండి తీరాలి. ఒక కడుపుకు ఒకటే నివారణ. ఒకసారి ఎంచుకున్నాక కడుపు కాళ్ళావేళ్ళా పడ్డా మార్చరు. (కడుపుకు కాళ్ళూ వేళ్ళూ ఉండవు కాబట్టి ఈ నిబంధన మీద ఇంతవరకూ ఎవరూ అప్పీలు చేసుకోలేదని విభాగం వారు గర్వంగా చెప్పుకుంటారు.)

అలాంటి విభాగంతో కవర్ల వదినకు పని పడింది. ఆ పేరు ఆవిడకు ఆడపడుచు పెట్టింది. బస్సెక్కినా, కారెక్కినా, ఆఖరికి రంగులరాట్నం పక్కన ఊరికే నుంచున్నా, ఆవిడ చేతిలో మడతపెట్టిన ప్లాస్టిక్ కవర్లు ఉండాల్సిందే. ఊరు దాటక ముందే మొదటి కవరు పని అయిపోయేది. అందుకని ఇంట్లోవాళ్ళంతా కలిసి, ఆవిడ మేలు కోరి, ఒక ఏర్పాటు చేశారు. ఎక్కడికి వెళ్ళినా ఆవిణ్ణి ఇంట్లోనే వదిలేసి వెళ్ళేవారు. "పాపం దానికి ప్రయాణాలు పడవండీ," అని ఆవిడ మొగుడు, డ్రిల్లు మాస్టారు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. కొండలూ జలపాతాలూ వాళ్ళు చూసొచ్చి చెబుతుంటే ఆవిడ అన్నం వడ్డిస్తూ వినేది. ఆవిడ చేసిన దేశాటనమంతా అదే.

ఆవిడకు గ్రంథాలయంలో ఉద్యోగం. చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి అట్టలు కడుతుంది. ఓసారి ఒక భూగోళం పుస్తకం వచ్చింది. అందులో రెండు పేజీల నిండా సముద్రం బొమ్మ. ఏ మూలా ఒడ్డు లేదు. ఆ సముద్రం నడిమధ్య దారం పడకుండా కుట్టడానికి ఆవిడకు పూటంతా పట్టింది, పై అధికారి చేత చీవాట్లు కూడా తింది. అప్పట్నుంచీ ఆవిడకు ఒకటే కోరిక. జన్మలో ఒక్కసారి, ఎటు తిరిగి చూసినా ఒడ్డు కనపడని చోట నిలబడాలి. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అన్ని కవర్లు ఎక్కడ దొరుకుతాయి అంటారని ఆవిడకు తెలుసు.

ఈసారి ఓడ ప్రయాణానికి మాత్రం ఆవిణ్ణి వదిలేసి వెళ్ళే వీలు లేకపోయింది. సంస్థ దృష్టిలో కుటుంబం అంటే ఐదుగురు. మాస్టారూ, కొడుకూ, అత్తగారూ, ఆడపడుచూ కలిపితే నలుగురే అయ్యేసరికి సంస్థ యాప్ ముందుకు కదలనని మొరాయించింది.

"ఇంకో మనిషిని చూపిస్తే గానీ మనల్ని కుటుంబంగా ఒప్పుకోదట నాన్నా," అన్నాడు కొడుకు, ఫోన్లోంచి తలెత్తకుండా.

పక్కింటాయన్ని అడిగి చూశారు. ఆయనకు ఖాళీ లేదు. అప్పుడు అత్తగారు, "మన కోడలుందిగా," అని గుర్తు చేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆవిడ పేరు ఆ విధంగా కుటుంబంలోకి ఎక్కింది.

నివారణల ఎంపిక కేంద్రం ఒక పాత భవనంలో మూడో అంతస్తులో ఉంది. లిఫ్టులో కడుపు కదిలే ప్రమాదం ఉంది కాబట్టి ఎంపికకు ముందు లిఫ్టు ఎక్కరాదు. అత్తగారు మెట్టు మెట్టుకూ సంస్థ వంశాన్ని తలుచుకుంటూ ఎక్కింది. పైన హాలు నిండా జనం, ప్రతి చేతిలో ఒక టోకెను. అద్దం కిటికీ వెనక ఉప వికారాధికారి కూర్చుని ఉన్నాడు. (ప్రధాన వికారాధికారి కుర్చీ చాలాకాలంగా ఖాళీ. దానికి ఓడెక్కిన అనుభవం కావాలట. ఓడెక్కి వచ్చినవాళ్ళెవరూ దరఖాస్తు పెట్టుకోవడం లేదట.)

"నాకేం అక్కర్లేదండీ," అన్నాడు మాస్టారు ఛాతీ విరుచుకుని. "ఇన్నేళ్ళూ పిల్లలతో సమానంగా మైదానం చుట్టూ తిరిగినవాణ్ణి. నాకు తల తిరగడం ఏమిటి?"

"'అక్కర్లేదు' అనేది కూడా ఒక నివారణేనండీ. దాని కోటా నిన్ననే అయిపోయింది," అన్నాడు ఉప వికారాధికారి.

మాస్టారికి అయస్కాంతాల బెల్టు ఇచ్చారు. అత్తగారు అల్లం బిళ్ళల డబ్బా పట్టుకుంది. ఆడపడుచు మణికట్టు పట్టీ తీసుకుని, వేరే రంగులు లేవా అని అడిగి, లేకపోయేసరికి మొహం ముడుచుకుంది. కొడుకు నివారణ యాప్ ఎంచుకున్నాడు. ఓడ ఎంత ఊగినా ఫోన్లో ఒక గీత ఊగకుండా నిలబడి ఉంటుందట, దాన్ని చూస్తూ ఉంటే సరిపోతుందట.

ఆఖర్న కవర్ల వదిన వంతు వచ్చింది.

"మాత్రలు ఉన్నాయా అండీ?"

"అయిపోయాయమ్మా."

"చెవి వెనక అంటించుకునేది?"

"అదీ లేదు. ఇంక మిగిలింది దిగంత వీక్షణం," అన్నాడు ఆయన కాస్త మొహమాటంగా. "దాన్నెవరూ తీసుకోరు. మింగడానికీ ఉండదు, కట్టుకోడానికీ ఉండదు."

"అంటే ఏం చెయ్యాలండీ?"

"ఏం లేదమ్మా. ఓడ పై అంతస్తులో ఒక తలుపుంటుంది. కార్డు చూపిస్తే తీస్తారు. నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటు మీద చూపు పెట్టి నిలబడాలి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట."

"అక్కడ చుట్టూ ఏముంటుందండీ?"

"ఏమీ ఉండదు. దాంతో వచ్చిన చిక్కే అది. నాలుగు వైపులా ఉత్త నీళ్ళు."

కవర్ల వదిన గుండె ఝల్లుమంది. మొహం మాత్రం మందు దొరకని మనిషి మొహంలాగే ఉంచుకుంది. "సరే, ఏం చేస్తాం. అదే ఇవ్వండి," అని గతిలేనట్టు చెయ్యి చాపి నీలం కార్డు అందుకుంది. ఆడపడుచు జాలిపడి, "పాపం మా వదినకు ఎప్పుడూ ఇంతే," అంది.

ఓడ బయల్దేరిన రోజు ఆవిడ కార్డు పట్టుకుని తిన్నగా పై అంతస్తుకే వెళ్ళింది. తలుపు తియ్యలేదు. ఒడ్డు కనపడుతున్నంతసేపూ దిగంతం అధికారికంగా మొదలైనట్టు కాదు. రేపు రమ్మన్నారు. ఆవిడకు కోపం రాలేదు సరికదా, ఇంకో రాత్రి ఎదురుచూడటం కూడా బాగానే అనిపించింది. కుటుంబానికి ఇచ్చిన గది ఓడ మధ్యలో ఉంది, దానికి కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట ఒక తెర కట్టారు. తెర తీస్తే గోడ.

తెల్లారేసరికి సముద్రం తన పని మొదలుపెట్టింది, నివారణలు తమ పని మానేశాయి. మాస్టారు మంచం మీద నుంచి లేవబోయి, లేవకుండానే బకెట్టు కోసం చెయ్యి చాపాడు. బెల్టు బిగుతు వల్ల వంగడానికి వీల్లేకపోయింది, వంగకుండా చెయ్యగలిగిన పని కాదది. కొడుకు యాప్ తెరిస్తే, గీత కనపడాలంటే ముందు అప్‌డేట్ చేసుకోమంది, నడిసముద్రంలో సిగ్నల్ లేదు. ఆడపడుచు పట్టీని ఎడమ చేతికి పెట్టుకోవాలో కుడి చేతికి పెట్టుకోవాలో తేలేలోపే తల వాల్చేసింది. అత్తగారు అల్లం బిళ్ళల డబ్బా మూతే తియ్యలేదు. ఇంటికెళ్ళాక ఎవరైనా వస్తే పెట్టొచ్చని దాచిందట.

కవర్ల వదిన ఒక కవరు విప్పి పట్టుకుని తన వంతు కోసం కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నా రాలేదు. పైగా ఆకలేసింది. (వెనక సీట్లో సంచుల కింద కూర్చోబెట్టి మూతి మీద కవరు పెట్టకపోతే ఆ కడుపుకు ప్రయాణాల మీద ఏ విరోధమూ లేదని తేల్చడానికి ఒక ఓడ కావాల్సి వచ్చింది.)

"వదినా, కవరు," అంది ఆడపడుచు నీరసంగా. కవర్ల వదిన చేతిలోది ఇచ్చేసింది.

అంతలో తలుపు తట్టి, ఓడతో పాటే వచ్చిన ఉప వికారాధికారి లోపలికొచ్చాడు. రోజూ పొద్దున ప్రతి గదికీ వెళ్ళి ప్రతి కడుపునూ విచారించడం ఆయన విధి.

"మీ కడుపు ఎలా ఉందమ్మా?"

ఆవిడ జీవితంలో ప్రయాణం మధ్యలో ఆ ప్రశ్నకు ఇవ్వగలిగిన మంచి జవాబు అదే మొదటిది. ఆ సంతోషంలో ముందూ వెనకా చూసుకోలేదు. "బాగుందండీ," అంది. ఆయన రాసుకుంటుంటే, "చాలా బాగుందండీ," అని కూడా అంది.

అరగంట తరవాత పై అంతస్తు తలుపు దగ్గర ఆవిణ్ణి ఆపింది కూడా ఆయనే.

"వికారం లేదన్నారు కదమ్మా. మరి నివారణ దేనికి?"

"ఊరికే చూడటానికండీ."

"ఊరికే చూడటానికి వికారం లేనివాళ్ళ షికారు కార్డు వేరే ఉందండీ. కానీ గదిలో ఒక్కరు పడకేసినా, బాగున్నవాళ్ళకు అది ఇవ్వరు. మీ గదిలో నలుగురు పడకేశారు. ఐదుగురిలో ఒక్కరే బాగుంటే ఆ ఒక్కరూ సహాయకుల కిందికి వస్తారు. సహాయకులు పై అంతస్తులకు రాకూడదు."

"ఒక్క నిమిషం చూసి వెళ్ళిపోతానండీ. తలుపు సందులోంచైనా సరే."

"సందుకు నిబంధన లేదమ్మా," అన్నాడాయన నిజంగానే బాధపడుతూ. "ఉంటే నేనే తీసేవాణ్ణి. మళ్ళీ అర్హత కావాలంటే ఒకటే దారి. నా సమక్షంలో ఒక వాంతి. సాక్షి లేని వాంతి చెల్లదు." (ఇంట్లోవాళ్ళది తెచ్చి తమదని చూపించినవాళ్ళు గతంలో ఉన్నారట.)

సహాయకురాలు అని రాసి ఉన్న ఏప్రన్ ఒకటి ఆవిడ చేతిలో పెట్టి పంపించాడు.

కవర్ల వదిన అంత తేలిగ్గా వదల్లేదు. గదిలో గిర్రున తిరిగింది. ఊగే దీపం కింద మందుల చీటీల్లో చీమ తలకాయలంత అక్షరాలు చదివింది. మొగుడి బకెట్టు మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. మర్నాడు పొద్దున ఉప వికారాధికారి రాగానే, "ఉండండి, వస్తోంది," అని గోడ పట్టుకుని నుంచుంది. ఆయన కలం పట్టుకుని మర్యాదగా ఎదురుచూశాడు. ఆవిడ నోరు తెరిచింది, కళ్ళు మూసుకుంది, మెడ నరాలు బిగించింది. ఒక ఆవులింత వచ్చింది.

"ఫరవాలేదమ్మా, రేపు చూద్దాం," అన్నాడు.

ఆ రోజు ఆవిడకు ఏడుపొచ్చింది. పెళ్ళి ఊరేగింపు కారులో కొత్త కోడలి పరువు తీసిన కడుపు ఇది. వియ్యాలవారి ముందు, పాఠశాల వార్షికోత్సవం బస్సులో, ఎక్కడ పడితే అక్కడ తలవంపులు తెచ్చిన కడుపు. అడక్కుండా అన్నిసార్లు వచ్చింది, అడిగిన ఒక్కసారి పెద్దమనిషిలా కూర్చుంది. దాన్ని తిట్టడానికి కూడా ఆవిడకు తీరిక దొరకలేదు. ఆడపడుచు వదినా అంటోంది, కొడుకు అమ్మా అంటున్నాడు, మాస్టారు ఏమే అంటున్నాడు.

"నీకేమే, గుండ్రాయిలా ఉన్నావు," అంది అత్తగారు, నీళ్ళ గ్లాసు అందుకుంటూ. అందులో అసూయ తప్ప ఇంకేం లేదు.

ప్రయాణం పొడుగునా ఆవిడకు కనపడిన సముద్రం బకెట్లోదే. ఓడ ఒరిగినప్పుడల్లా అందులో నీళ్ళు ఒక పక్కకు వెళ్ళి, ఆలోచించుకుని, మళ్ళీ వచ్చేవి. ఒక్కోసారి ఆవిడ పని ఆపి దానివంక చూస్తూ కూర్చునేది. చుట్టూ అంచు కనపడుతూనే ఉండేది.

ఓడను రేవులో కట్టేయగానే నలుగురూ లేచి కూర్చున్నారు, తలలు దువ్వుకున్నారు, ఆకలేస్తోందన్నారు. మెట్ల కింద ఉప వికారాధికారి కవర్ల వదిన నీలం కార్డు వెనక్కి తీసుకుని ధ్రువపత్రం ఒకటి ఇచ్చాడు. దిగంత వీక్షణం ఆమె విషయంలో నూటికి నూరు శాతం పనిచేసిందని అందులో ఉంది. (చూడకుండానే ఇంత బాగా పనిచేస్తోంది కాబట్టి, ఆ పై అంతస్తు తలుపును శాశ్వతంగా మూసి, అక్కడ కుర్చీలు నిల్వ చేసుకోవాలని విభాగం తరవాత నిర్ణయించింది.) కింద ఇంకో వాక్యం ఉంది. ఈమెకు వికారం లేదు, ఇకముందు ఉండబోదు, ఇది జీవితాంతం చెల్లును.

"అంటే మళ్ళీ ఎప్పుడొచ్చినా నేను కిందేనా అండీ?"

"నా సమక్షంలో ఒక్కటి జరిగితే కొట్టేస్తానమ్మా. ఇప్పటికైనా నాకేం అభ్యంతరం లేదు," అన్నాడాయన.

మెట్లకు కాస్త అవతల, సామాను చుట్టూ నిలబడి అందరూ కారు కోసం చూస్తున్నారు. కొడుకు ఎవరో చుట్టంతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "అందరం చచ్చి బతికాం బాబాయ్. అమ్మకేం, ఒక్క వాంతి లేదు. హాయిగా ఎంజాయ్ చేసింది."

"వచ్చే ఏడాది కూడా దాన్ని తీసుకురావాల్సిందేరా. చెయ్యి సాయం ఉంటుంది," అంది అత్తగారు.

"సహాయకులకు టికెట్టు కూడా ఉండదట," అన్నాడు మాస్టారు. భార్య భుజం మీద చెయ్యి వేసి, చాలా ఆప్యాయంగా, "నీకు ప్రయాణాలు పడ్డాయే," అన్నాడు.

కాళ్ళ కింద నేల గట్టిగా ఉంది. ఏదీ ఊగడం లేదు. అయినా కవర్ల వదిన కడుపులో ఒక్కసారిగా తిప్పింది. ఆవిడ ఆ చెయ్యి తప్పించుకుని మెట్ల వైపు పరుగెత్తి, "అయ్యా, ఒక్క నిమిషం ఆగండి, ఇలా చూడండి," అని ఉప వికారాధికారిని పిలిచి, ఆయన ఎదురుగా, ఏ లోపమూ లేకుండా వాంతి చేసుకుంది. తరవాత కొంగుతో మూతి తుడుచుకుని, వెలిగిపోతున్న మొహంతో ధ్రువపత్రం ముందుకు చాపింది.

"చూశారుగా. కొట్టెయ్యండి."

ఉప వికారాధికారి నేల వంక చూశాడు. ఆవిడ వెనకాల సామాను చుట్టూ నిలబడ్డ నలుగురి వంకా చూశాడు. కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"చూశానమ్మా, కాదనను," అన్నాడు. "కానీ ఇది సముద్రం వల్ల వచ్చింది కాదు."