జీపు మీద దుమ్ము పడరాదు

2018 సెప్టెంబరు పదకొండు, మంగళవారం. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. నీడలో ఉష్ణోగ్రత ముప్పయ్యైదు డిగ్రీలు. గాలి పడమటి నుంచి, కాస్త గట్టిగానే. ఆకాశంలో మబ్బులున్నాయి, వాటిలో నీళ్లు లేవు. వాన పడి ఆ రోజుకు నలభై మూడు రోజులు.

ఆ సమయాన గుట్టకిందపల్లెలో జయరాం గారు తమ మిలిటరీ జీపు బానెట్టును మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. ఆ ఉదయానికి అది నాలుగోసారి.

పాఠకులారా! కరువు సీమకు పాత జీపుల సేకరణను మించిన మేలు మరొకటి లేదని ఈ వ్యాసంలో నిరూపించబోతున్నాను. నవ్వకండి. చెరువులు తవ్వించాలనేవారు ఉన్నారు, చెట్లు నాటించాలనేవారు ఉన్నారు. అందరూ పెద్దమనుషులే. అయినా వారి వల్ల కొండ మీది ఎగువపల్లెకు ఒరిగిందేమిటి? జయరాం గారి జీపుల వల్ల ఒరిగిందేమిటి? కారణం నుంచి ఫలితం దాకా వరుసగా చెబుతాను. తీర్పు మీరే చెప్పండి.

ముందు భూగోళం. గుట్టకిందపల్లె కదిరి దగ్గరి తనకల్లుకు పద్నాలుగు కిలోమీటర్లు. తారు రోడ్డు ఆ ఊరితో ఆగిపోతుంది. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు పైకెక్కితే ఎగువపల్లె, అరవై ఇళ్లు. ఆ మూడు కిలోమీటర్లలో మొదట ఒక వంక, అంటే ఎండిన వాగు, వస్తుంది. వంక నిండా మోకాటి లోతు ఇసుక. తర్వాత రాతి గుండ్లు. ఆ తర్వాత ఇంకా పెద్ద గుండ్లు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగే బండి కోసమే ప్రకృతి ఆ దారిని తీర్చిదిద్దిందా అనిపిస్తుంది!

జయరాం గారిది ఆ ఊళ్లో పేరున్న కుటుంబం. నాయన కాలంలో చెనక్కాయల, అంటే వేరుశనగ, మిల్లు నడిచేది. వానలు తగ్గాయి కాబట్టి పంట తగ్గింది. పంట తగ్గింది కాబట్టి మిల్లు ఆగింది. మిల్లు ఆగింది కాబట్టి షెడ్డు ఖాళీ అయింది. ఖాళీ షెడ్డు ఉన్న మగవాడు ఊరుకుంటాడా? జయరాం గారు ఊరుకోలేదు. చిలమత్తూరు దగ్గర ఒకరి పెరట్లో 1956 నాటి జీపు ఉందని విని, ఆ సాయంత్రమే వెళ్లారు. జీపు ఉంది. అందులో కోళ్లు కాపురముంటున్నాయి.

"బండి తీసుకుపో అన్నా, నాకేం! కోళ్లను యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు ఆ ఇంటాయన.

కోళ్లకు సిమెంటు రేకుల గూడు కట్టించి, అవి అందులో స్థిరపడ్డాయని రూఢి చేసుకున్న తర్వాతే జయరాం గారు జీపును ఇంటికి తెచ్చారు. సీటు కింద దొరికిన మూడు గుడ్లను మళ్లీ చిలమత్తూరు వెళ్లి అప్పగించి వచ్చారు. జీపుల వ్యాపకం మనిషిలో ఎంతటి నీతిని పెంచుతుందో చూశారా!

ఐదేళ్లలో ఒకటి ఏడయింది. ఒకటి మిలిటరీ వేలంలో వచ్చింది. ఒకటి ఏ ఎస్టేటు వారిదో, ఎడమ పక్క స్టీరింగుతో వచ్చింది. జోంగా అనే పాత మిలిటరీ జీపు ఒకటి ముక్కలుగా, నాలుగు గోనెసంచుల్లో వచ్చింది. కదిరి నుంచి నల్లప్ప అనే మెకానిక్కు వచ్చి షెడ్డులోనే మంచం వేసుకున్నాడు. పని తెలిసినవాడు, ఓర్పున్నవాడు. ఒకనాడు మాత్రం ఆ ఓర్పు కొంచెం సడలింది.

"ఈ బోల్టు కదిరిలోనే దొరుకుతాదన్నా. రేపు తెస్తా."

"దొరికేది నాకొద్దప్పా," అన్నారు జయరాం గారు.

ఆ దొరకని బోల్టు కోసం ఇద్దరూ బెంగళూరు శివాజీనగర్ పాత సామాన్ల సందులన్నీ ఆర్నెల్లు తిరిగారు. జ్ఞానం ఇలాగే కదా పెరిగేది! నేడు జయరాం గారిని నిద్రలో లేపి అడిగినా ఏడు జీపుల చాసిస్ నంబర్లూ తప్పులేకుండా చెబుతారు. సొంత పొలం సర్వే నంబరు అడిగితే కొంచెం తడుముకుంటారు. అన్నీ ఒక్క బుర్రలో పడతాయా?

సంసారానికి కలిగిన మేలు వేరే. ఆయన భార్య ఉమాదేవి గారు ఈ మాట నాతో స్వయంగా అన్నారు: "ఎవరన్నా వచ్చి ఆయప్ప యాడున్నాడని అడిగితే నాకు వెతికే పనిల్యా. వంగి జీపుల కింద చూస్తే సాలు. ఏదో ఒకదాని కింద కాళ్లు కనబడతాయి." భర్త ఆచూకీ ఇంత కచ్చితంగా తెలిసిన ఇల్లాళ్లు రాష్ట్రంలో ఎందరున్నారు?

ఇక అసలు సంగతి: దుమ్ము. పడమటి గాలి లేస్తే ఎండిన చేలలోని ఎర్రమన్ను నేరుగా షెడ్డు దారి పడుతుంది. రంగు వేసి మెరుగు పెట్టిన జీపు మీద దుమ్ము పడరాదు. పడరాదు కాబట్టి రెండు పూటలా కడగాలి. లేచిన తర్వాత కడగడం కంటే దుమ్మును లేవకుండా చేయడం మేలు కాబట్టి షెడ్డు చుట్టూ అరెకరం నేలను తడపాలి. పదకొండు వందల అడుగుల బోరు నుంచి చిటికెన వేలి లావున వచ్చే నీళ్లు అలా దారి మళ్లాయి. చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఎండింది. షెడ్డు చుట్టూ గరిక లేచింది.

"నా చీనీ చెట్లకు ల్యాని నీళ్లు ఈ ఇనుముకు పోస్తాండావు. వచ్చే జన్మకన్నా నన్ను జీపుగా పుట్టించమని కదిరి నరసింహసామికి మొక్కినా!" అన్నారు ఉమాదేవి గారు.

"ఏ మోడలు?" అని అడిగారు జయరాం గారు. ఆయన ఎగతాళికి అనలేదు.

ఇంకొక్క విషయం చెప్పాలి. ముందు చక్రాలకు ఇంజను బలాన్ని చేరవేసే పొడవాటి కడ్డీ ఒకటుంటుంది. మెకానిక్కులు షాఫ్టు అంటారు. అది తిరిగినప్పుడల్లా గ్రీజు చిమ్మి జీపు అడుగున వేసిన రంగు పాడవుతోంది. అందువల్ల జయరాం గారు ఏడింటి షాఫ్టులూ ఊడదీయించి, వెండిలా మెరిసే పూత వేయించి, గోడకు వరుసగా తగిలించారు. చూడ ముచ్చటగా ఉన్నాయి.

ఆ సెప్టెంబరు ఒకటో తేదీన ఎగువపల్లె నుంచి బయమ్మ దిగి వచ్చింది. నాలుగెకరాల చెనక్కాయ, ఇరవై గొర్రెలు ఆమె ఆస్తి. పదకొండో తేదీన కరువు పరిశీలన బృందం వస్తోంది. వాళ్లు కంటితో చూసిన చేనుకే నష్టం జాబితాలో చోటు. చూడని ఊరు ఆ ఏడాదికి లేనట్టే.

"పోయిన తూరి వచ్చినోళ్లు ఈడనే, రోడ్డు మొగదల నిలబడి, కొండ తట్టు చెయ్యి చూపించి పోయినారు జయరామన్నా. మా సేనిలో గింజ ల్యాదని ఆ చేతికి యెట్ల తెలుస్తాది?"

"వాళ్ల కార్లు ఎక్కవు గదా బయమ్మా."

"అందుకే నీ కాడికొచ్చినా. రోడ్డెయ్యండని అర్జీ ఇస్తే ఆఫీసులో ఏమన్నారో తెల్సునా? 'రోడ్డు ల్యాకున్నా పొయ్యే బండ్లు మీ కింద ఊర్లో ఏడుండాయంట గదా, మీకు రోడ్డెందుకు' అన్నారు."

జయరాం గారి కళ్లు చెమర్చాయి. "ఆఫీసు దాకా తెలిసిందా!" అన్నారు. ఆ ఆనందంలోనే మాట ఇచ్చేశారు: "పెద్దసారును నా జీపులో నేనే ఎక్కించుకొస్తా. పో, నిశ్చింతగా పో."

మర్నాడు దారి చూడటానికి స్వయంగా నడిచి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. దారికి రెండు వైపులా ముళ్లకంపలు! ఒక్క ముల్లు గీసుకుంటే తలుపు మీది రంగు గతేమిటి? రెండు రాత్రులు ఆలోచించి ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. మనం కరువు దగ్గరికి పోవడమెందుకు? కరువునే ఇక్కడికి తెప్పిస్తే పోలా?

"సెట్లు పీక్కోని ఈడికే తెచ్చేయండి బయమ్మా. సారు ఈడనే చూస్తాడు."

"కరువును మోసుకొచ్చేదానికి బండి పంపిస్తావా అన్నా?"

"జీపులోనా? మన్ను రాలతాది గదమ్మా!"

ఎగువపల్లె వాళ్లు ఎండిన చెనక్కాయ చెట్లను నెత్తిన మోసుకొచ్చారు, నలభై మోపులు. జీపులకు దూరంగా, గరిక మీద, ఒద్దికగా కుప్పలు వేశారు. పాఠకులు ఈ దృశ్యాన్ని ఒక్క నిమిషం ఊహించుకోవాలి. చుట్టూ పచ్చటి గరిక. దాని మీద పీకిన చెట్ల కుప్పలు. వెనక తళతళలాడే ఏడు జీపులు.

పదకొండు గంటల పది నిమిషాలకు రెండు కార్లు వచ్చాయి. పెద్ద అధికారి దిగారు. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు.

"ఇక్కడ పచ్చగానే ఉందే!" అన్నారు. నాలుగడుగులు నడిచి కుప్పలు చూశారు. "కోత కూడా అయిపోయినట్టుందిగా. బాగా ఎండబెట్టారు." జేబులోంచి కలం తీశారు.

ఆ క్షణంలో జయరాం గారు ఏం చేస్తున్నారు? రెండో అధికారికి జోంగా హారన్ చరిత్ర వివరిస్తున్నారు.

బయమ్మ కుప్పలోంచి ఒక చెట్టు లాగి, కాయలు దూసి, అధికారి ముందుకు వచ్చి నిలబడింది.

"సార్, చెయ్యి పట్టు. ఇవి కాయలు. నువ్వే ఒలుచు. గింజ కనబడితే నాకు చూపించు, నేను నోరు మూసుకోని ఇంటికి పోతా."

ఆయన ఒలిచారు. పన్నెండు కాయలు ఒలిస్తే దొరికినవి రెండు గింజలు. రెండూ మిరియాల కంటే చిన్నవి. ఆయన కలం మూత పెట్టి, జేబులో వేసుకున్నారు. "చేను చూడాలి. ఎంత దూరం?"

అందరూ జయరాం గారి వైపు చూశారు. జయరాం గారు తలుపు మీది రంగు వైపు చూశారు.

ఉమాదేవి గారు తాళంచెవి తెచ్చి భర్త చేతిలో పెట్టారు. "ఎక్కించుకో పో. మాటిచ్చినావు. ఊరంతా చూస్తాండాది."

మొదటి జీపు, అదే చిలమత్తూరు కోళ్ల జీపు, తాళం తిప్పగానే లేచింది. ముందు సీట్లో అధికారి, వెనక బయమ్మ, నల్లప్ప. ఇంజను చప్పుడుకు గొర్రెలు పక్కకు తప్పుకున్నాయి. ఊరి కుర్రకారు ఈలలు వేశారు. ఆ వైభవం రెండు వందల మీటర్లు సాగింది. వంకలోకి దిగీదిగగానే వెనక చక్రాలు ఇసుకను తవ్వడం మొదలుపెట్టి, ఇరుసు ఆనేదాకా తవ్వి, ఆగాయి. ముందు చక్రాలు నిశ్చలంగా, శుభ్రంగా ఉన్నాయి.

"ఇది ఫోర్ వీల్ డ్రైవ్ కాదా?" అడిగారు అధికారి.

జయరాం గారు అప్పటికే దిగి, వంగి ఇరుసు కింద చూస్తున్నారు. నల్లప్ప పలికాడు: "అవును సార్. రెండిటిది ఈడ ఉండాది. ఇంగ రెండిటిది గోడకు తగిలించినాము."

అధికారి ఆ మాటను కాసేపు ఆలోచించి, దిగిపోయారు.

అప్పుడు బయమ్మ తమ్ముడు నారాయణ పక్క ఊళ్లో బాడుగకు తిరిగే ట్రాక్టరు తెచ్చాడు. దాన్ని చివరిసారి ఎప్పుడు కడిగారో చెప్పగలవారు ఎవరూ లేరు. అధికారి మడ్‌గార్డు మీద కూర్చున్నారు. వంక దాటింది. గుండ్లు వచ్చాయి. తర్వాత ఇంకా పెద్ద గుండ్లు వచ్చాయి. మూడు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టింది.

"గట్టిగా పట్టుకో సార్," అంటూ వచ్చింది బయమ్మ దారి పొడవునా. "ఈడ మా కోడలిని కాన్పుకు మంచం మీద దింపినాము. రెండో కాన్పుకు దింపుతా దింపుతా నడిమధ్యన నిలబడిపోయినాము. బిడ్డ బాగుండాది లే. వంకలో పుట్టినాడు."

జయరాం గారు పైకి వెళ్లలేదు. జీపును ఇసుకలో ఒంటరిగా వదిలిపెట్టి వెళ్లడానికి ఆయనకు మనసొప్పలేదు.

అధికారి మధ్యాహ్నం రెండుంబావుకు తిరిగి వచ్చారు. పదకొండు చేలు తొక్కి చూశారు. జుట్టు ఎర్రబారింది, ఒక చేత్తో నడుము పట్టుకుని ఉన్నారు. భోజనానికి కూడా కూర్చోకుండా, నిలబడే, కాగితం మీద రెండు విషయాలు రాశారు. మొదటిది: ఎగువపల్లె చేలన్నీ నష్టం జాబితాలో చేర్చవలెను. రెండవది: ఈ దారి మనుషుల ప్రయాణానికి పనికిరాదు, రోడ్డు వేయవలెను.

ఇప్పుడు తర్కం చూడండి. జయరాం గారి జీపు కొండ ఎక్కి ఉంటే ఏమయ్యేది? మెత్తటి సీటులో కూర్చున్న అధికారి చేలు చూసి, జీపును మెచ్చుకుని, వెళ్లిపోయేవారు. దారి లేదన్న సంగతి ఆయన నడుముకు తెలిసేదే కాదు. ఏళ్ల తరబడి అర్జీలు చేయలేని పని ఎక్కని జీపు ఒక్క పూటలో చేసింది! పాత జీపుల సేకరణ వల్ల కరువు సీమకు మేలు జరుగుతుందన్న నా సిద్ధాంతం నిరూపితమైందా, లేదా?

అందువల్ల ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. రోడ్డు లేని ప్రతి ఊరి కిందా ఒక జయరాం గారిని నియమించండి. ఆయనకు ఏడు జీపులివ్వండి; షాఫ్టులు మాత్రం గోడకు తగిలించి ఉంచండి. లేదా, అది మరీ కష్టమనిపిస్తే, కరువు చూడటానికి వచ్చేవారిని తారు అయిపోయిన చోట కారు దించి, ట్రాక్టరు ఎక్కించండి. రెండో పద్ధతిలో నీళ్లు కూడా కలిసి వస్తాయి. ఏది మేలో తేల్చుకునే తెలివి నాకు లేదు. చీనీ చెట్లను అడగండి.

ఎగువపల్లె రోడ్డు 2023 ఫిబ్రవరిలో పూర్తయింది: వంక మీద కల్వర్టు, మూడు కిలోమీటర్ల తారు. ఆ మరుసటి ఆదివారం జయరాం గారు తమ ఏడు జీపులనూ మొట్టమొదటిసారి ఎగువపల్లెకు తీసుకువెళ్లారు.