నిరీక్షణ సంగీత పథకం

"ఈ ప్రభుత్వంలో ఇకమీదట ఏ పౌరుడూ ఊరికే ఎదురుచూడడు. సంగీతం వింటూ ఎదురుచూస్తాడు!"

ప్రజా ఫిర్యాదుల శాఖ మంత్రిగారు ఈ ప్రకటన చేసినప్పుడు నేను అదే గదిలో, నాలుగో నంబరు ఫోను దగ్గర కూర్చుని ఉన్నాను. చప్పట్లు మొదలుపెట్టింది కూడా నేనే. ఆ విషయం పేపర్లలో రాలేదు.

మా గదిలో ఆరు ఫోన్లున్నాయి. ముగ్గురం మనుషులం. ముగ్గురిలో ఒకరు ఎప్పుడూ సెలవులో ఉంటారు. అందువల్ల ఫిర్యాదు చెప్పడానికి ఫోన్ చేసినవాళ్ళు లైన్‌లో సగటున నలభై నిమిషాలు వేచి ఉండాల్సి వస్తుంది. మరో నలుగురిని వేసుకుంటే సరిపోతుంది కదా అని ఎవరో విలేకరి అడిగాడు. మంత్రిగారు అతన్ని జాలిగా చూశారు.

"మనుషుల్ని వేసుకుంటే ఎదురుచూపు తగ్గుతుంది, నిజమే. కానీ ఆనందం పెరుగుతుందా?"

విలేకరి ఆ ప్రశ్ననే రాసుకున్నాడు.

అంతకుముందు లైన్‌లో ఉన్నవాళ్ళకి మంత్రిగారి ప్రసంగం వినిపించేవాళ్ళం. దాని ఫలితం అద్భుతంగా ఉండేది. పదకొండో సెకనుకల్లా జనం ఫోన్ పెట్టేసేవాళ్ళు. నెల తిరిగేసరికి ఫిర్యాదులు పదింట తొమ్మిది వంతులు తగ్గిపోయాయి. ప్రజల కష్టాలు తీరిపోయాయని మంత్రిగారు ఒక సభ కూడా పెట్టారు. ఆ సభలోనే కార్యదర్శిగారు ఆయన చెవిలో ఒక మాట వేశారు.

"సార్, ఫిర్యాదులు అస్సలు లేకపోతే ఫిర్యాదుల శాఖ ఎందుకని పైవాళ్ళు అడుగుతారు."

ఆ విధంగా ప్రజల్ని లైన్‌లో నిలబెట్టగల సంగీతం కోసం వెతుకులాట మొదలైంది.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. వదిన లిఫ్టు మెకానిక్. పెద్ద పెద్ద ఆఫీసు భవనాల్లో ఆగిపోయిన లిఫ్టులు ఆమె చెయ్యి పడితేనే కదులుతాయి. సాయంత్రం ఇంటికొచ్చి చేతుల గ్రీజు కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఇంకో ముగ్గురు స్నేహితులతో కలిసి ఇంటర్నెట్‌లో ఒక చిన్న మ్యూజిక్ లేబుల్ నడుపుతోంది. లేబుల్ అంటే ఆఫీసూ బోర్డూ ఏమీ ఉండవు. పాటలు చేసినవాళ్ళే ఒక పేజీ పెట్టుకుని, రంగురంగుల కవరు బొమ్మ వేసి, కావాల్సినవాళ్ళు ఊరికే దించుకోండని వదిలేస్తారు. వాళ్ళు చేసేది సైకడెలిక్ ట్రాన్స్. ఒక్కో పాట తొమ్మిది నిమిషాలు. మాటలుండవు. గుండె పరుగెత్తినట్టు బీటు, దాని చుట్టూ మెలికలు తిరిగే శబ్దాలు. లిఫ్టు తలుపు మూసుకునే ధడేల్ చప్పుడే మా వదిన డ్రమ్ము. ఎక్కడ పనికెళ్ళినా జేబులో చిన్న రికార్డరు ఉంటుంది.

పాటలు ఉచితమేగానీ షరతులు మూడున్నాయి. చేసినవాళ్ళ పేరు చెప్పాలి. అమ్ముకోకూడదు. పాటని మార్చకూడదు.

ఈ సంగతి కార్యదర్శిగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఉచితమా? మరి ఫైల్లో రేటు కాలమ్‌లో ఏం రాయాలి?"

"సున్నా రాయండి సార్."

"సున్నా రాస్తే, ఇంతకన్నా తక్కువకి ఎక్కడా దొరకదా అని అడుగుతారయ్యా. సరే, ఆ మ్యూజిక్ పేరేమిటన్నావు?"

"సైకడెలిక్ ట్రాన్స్."

"మొదటి ముక్క వదిలేద్దాం. రెండోది గౌరవంగా ఉంది."

ప్రారంభోత్సవం నాడు విలేకరులు ట్రాన్స్ అంటే ఏమిటని అడిగారు. మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ట్రాన్స్‌పరెన్సీలో మొదటి సగం. రెండో సగం మళ్ళీ గెలిపిస్తే ఇస్తాం."

పథకం విజయవంతం కావడానికి వారం పట్టలేదు. లైన్‌లోకి వచ్చినవాళ్ళు ఇక ఫోన్ పెట్టేయడమే మానేశారు. ఒక రోజు ఎవరో పెద్దమనిషి చేసిన ఫోన్ ఎత్తి, నమస్కారం, మీ ఫిర్యాదు చెప్పండి అన్నాను.

"అబ్బా, ఇప్పుడెందుకు ఎత్తారండీ? అసలు బీటు ఇప్పుడే పడబోతోంది!"

"క్షమించండి. మళ్ళీ లైన్‌లో పెట్టమంటారా?"

"పెట్టండి, పుణ్యం ఉంటుంది. మొదట్నించీ పెట్టండి."

ఆయన వీధిలో మురుగు పొంగుతోందని తర్వాత తెలిసింది. ఒక వ్యాయామం టీచరమ్మ మా నంబరుకి చేసి, ఫోన్ స్పీకర్లో పెట్టి, ఇరవై మంది చేత గంతులు వేయించేది. ఎదురుచూసేవాళ్ళలో నూటికి తొంభై ఏడు మంది తృప్తిగా ఉన్నారని సర్వే వచ్చింది. మిగతా ముగ్గురు లైన్ దొరకనివాళ్ళు.

ఇంత పేరొచ్చాక అందులో మంత్రిగారు లేకపోవడం వెలితిగా కనిపించింది. పార్టీ కార్యకర్తలు బాధపడ్డారు. దాంతో ప్రతి ముప్పై సెకన్లకీ ఒకసారి మంత్రిగారి గొంతు చేర్చారు. "మీ సేవలో... మీ మంత్రి!" వదిన పేరు చెప్పడానికి మాత్రం సమయం చాలలేదు.

రెండో రోజు నా ఫోన్ మోగింది.

"నమస్కారం, ప్రజా ఫిర్యాదుల శాఖ..."

"నేనే మరిదీ."

"వదినా! ఎంతసేపయింది లైన్‌లోకొచ్చి?"

"నా పాట నేను ఐదుసార్లు విన్నాను. అందులో నాకు తెలియని మగమనిషి ఎవడో దూరాడు. అరనిమిషానికోసారి తలుపు తీసి, తొంగిచూసి పోతున్నాడు."

"ఆయన మంత్రిగారు వదినా."

"ఎవరైతేనేం, శ్రుతిలో లేడు. తీసేయమని చెప్పు."

"నేను చెప్పలేను వదినా. ఫిర్యాదు రాసుకుంటాను. నీళ్ళా, కరెంటా, రోడ్డా, మురుగా?"

"ఇతరములు," అని వదిన ఫోన్ పెట్టేసింది.

మర్నాడు సెలవు పెట్టి ఆఫీసుకే వచ్చింది. కార్యదర్శిగారి గది బయట బెంచీల మీద పాతికమంది ఉన్నారు. మూడు గంటలు కూర్చుంది. పక్కన ఒక పెద్దావిడ, చేతిలో ప్లాస్టిక్ సంచీ, దాన్నిండా అర్జీలు. మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుందట. పద్నాలుగు నెలలుగా కుళాయిలో నీళ్ళు రావట్లేదు. రోజూ కింద నుంచి నాలుగు బకెట్లు మోసుకెళ్తోంది.

"కుళాయి తిప్పితే గాలొస్తోంది తల్లీ," అంది పెద్దావిడ. "ఆ గాలికి కూడా మీటరు గిర్రున తిరుగుతోంది."

వదిన జేబులోంచి రికార్డరు తీసింది.

"పిన్నిగారూ, ఆ మాట ఇంకోసారి అంటారా? పాటలో పెట్టుకుంటాను."

"పెట్టుకో తల్లీ. ఎవరో ఒకరు వింటే అంతే చాలు."

పెద్దావిడ చెప్పడం చూసి పక్కవాళ్ళూ చెప్పారు. మూడు గంటల్లో బెంచీ మీదున్న అందరి కష్టాలూ రికార్డయ్యాయి. లోపలికి పిలుపొచ్చేసరికి వదిన కోపం తగ్గి, ఏదో ఆలోచనలో పడింది.

కార్యదర్శిగారు ఆమెకి కుర్చీ చూపించారు. మంత్రిగారి గొంతు తీసేయడం తన చేతిలో లేదన్నారు. దానికి బదులుగా ఆమె కొత్త పాటని మంత్రిగారి చేతుల మీదుగానే విడుదల చేయిస్తామన్నారు.

"స్టేజీ మీద నా పేరు చెప్తారా?"

"చెప్తాం."

"పాటని ఎవరూ ముట్టుకోరుగా?"

"వినను కూడా వినమమ్మా. అంత టైమెక్కడిది?"

వదిన ఒప్పుకుంది.

విడుదల సభ ఆదివారం పొద్దున్న పది గంటలకి. హాలు నిండింది. మంత్రిగారు మీట నొక్కారు. బీటు మొదలైంది. రెండో నిమిషంలో బీటు మీదికి పెద్దావిడ గొంతు తేలింది. "కుళాయి తిప్పితే గాలొస్తోంది... గాలొస్తోంది... గాలొస్తోంది..." దాని వెనక ఇంకెవరివో గొంతులు, గొయ్యి, పింఛను, స్తంభం అంటూ మెలికలు తిరుగుతున్నాయి.

నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. స్టేజీ వైపు చూశాను.

మంత్రిగారి కాలు ఆడుతోంది. ఆ తర్వాత భుజాలు ఆడాయి. నాలుగో నిమిషంలో ఆయన లేచి రెండు చేతులూ పైకెత్తి గాలొస్తోంది, గాలొస్తోంది అంటూ గంతులేశారు. ఆయన గంతేశాక కార్యకర్తలు కూర్చోగలరా? కార్యదర్శిగారు ఫైలు గుండెలకి హత్తుకుని పక్కకి ఊగారు. తొమ్మిది నిమిషాలూ హాలు హాలంతా ఊగిపోయింది. వదిన పిలిస్తే వచ్చి ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ ఒక్కతే కదలకుండా చూసింది.

మర్నాడు పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది: ప్రజల కష్టాలు విని కదిలిపోయిన మంత్రి.

కదిలిన మాట నిజం. నేను చూశాను.

మంత్రిగారు స్వయంగా విన్నారు కాబట్టి పాటలో ఉన్న ఫిర్యాదులన్నీ పరిష్కారమైనట్టు మా రిజిస్టరులో రాసేశాం. పెద్దావిడ ఫోనుకి అభినందనల సందేశం కూడా వెళ్ళింది. ఆవిడ వెంటనే కుళాయి తిప్పి చూసుకుందట. గాలొచ్చింది.

వదిన ఆ పాటని ఎప్పటిలాగే లేబుల్ పేజీలో ఉచితంగా పెట్టేసింది. ఆ పాటలు వినేవాళ్ళు ఎక్కడెక్కడో దేశాల్లో ఉంటారు. ఆ ముసలావిడ ఏమంటోందని వాళ్ళు అడిగారు. వదిన అర్థం రాసి పెట్టింది. కింద మా శాఖ చిరునామా కూడా రాసింది.

అంతే, ఉత్తరాలు మొదలయ్యాయి. మొదటి రోజు పన్నెండు, మూడో రోజు నాలుగు వందలు. అన్నింట్లో ఒకటే ప్రశ్న. ఆవిడకి నీళ్ళు వచ్చాయా?

కార్యదర్శిగారు తల పట్టుకున్నారు. "ప్రతి ఉత్తరానికీ పదిహేను రోజుల్లో జవాబివ్వాలని మనమే రూలు పెట్టుకున్నాం. పరిశీలనలో ఉంది అని రాయనా?"

"రాశాం సార్. ఎవరు పరిశీలిస్తున్నారు, ఏ రోజు వెళ్తారు అని మళ్ళీ రాశారు."

"వీళ్ళకి వేరే పనుల్లేవా?"

"పాటలు వింటున్నారు సార్."

ఆయన చివరికి ఏ అధికారీ చేయకూడని పని చేశారు. ప్లంబరుని పంపించారు.

రెండో అంతస్తు మెట్ల కింద ఒక వాల్వు ఎప్పుడో ఎవరో కట్టేసి మర్చిపోయారట. ప్లంబరు స్పానరు పెట్టి తిప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. ఎత్తి నమస్కారం అన్నాను. అవతల మాటల్లేవు. సన్నగా నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది. ఫోన్‌ని కుళాయి దగ్గర పట్టుకున్నట్టుంది. తొందరేమీ లేదు కనక నేనూ పెట్టేయలేదు. చాలాసేపు విన్నాను. నా ఉద్యోగంలో ఇంత మంచి కాల్ ఇంతవరకూ రాలేదు.

ఈ వార్త ఊళ్ళో పాకిపోయింది. తర్వాతి ఆదివారం పొద్దున్నే అన్నయ్య తలుపు తీసేసరికి గేటు బయట జనం ఉన్నారు. చేతుల్లో అర్జీలు లేవు. గొంతులు సవరించుకుంటున్నారు.

"లిఫ్టమ్మగారు ఉన్నారా? మా వీధి దీపం గురించి ఒక ముక్క పాటలో పెట్టాలి."

అన్నయ్య బెంచీలు వేశాడు. వదిన ముందు గదిలో మైకు పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కరికీ ఎనిమిది సెకన్లు. అంతకు మించితే బీటు తప్పుతుంది. నేను వరస చూసుకుంటున్నాను. వచ్చినవాళ్ళందరూ రెండు రోజుల్లో పని అయిపోతుందన్నట్టు నవ్వుతూ వెళ్తున్నారు.

మధ్యాహ్నం దాకా వరస తగ్గలేదు. వరస చివర గొడుగు అడ్డం పెట్టుకుని ఒకాయన నిలబడ్డాడు. గొడుగు పక్కకి జరిపితే కార్యదర్శిగారు.

"తనిఖీకి వచ్చారా సార్?"

"కాదయ్యా. నా ప్రమోషన్ ఫైలు ఏడేళ్ళుగా కదలడం లేదు." గొంతు తగ్గించారు. "ఒక ఆరు సెకన్లిస్తే చాలు."

ఆయన చెప్పుకుని వెళ్ళాక గదిలో వదిన, నేను మాత్రమే మిగిలాం. మైకు వైరు చుట్టేస్తుంటే గేటు చప్పుడైంది. మంత్రిగారు. వెనక కారు లేదు, కార్యకర్తలు లేరు. ప్రజల ఫిర్యాదులు నేరుగా వినడానికి వచ్చారనుకుని నేను కుర్చీ తుడిచాను. ఆయన కుర్చీలో కూర్చోలేదు. వెళ్ళి మైకు ముందు నిలబడ్డారు.

"ఎనిమిది సెకన్లే సార్," అంది వదిన.

మంత్రిగారి ప్రసంగాలన్నీ నేను విన్నాను. సోదర సోదరీమణులారా అనడానికే ఆయనకి అంతకన్నా ఎక్కువ పడుతుంది. వదిన మీట నొక్కి వేలెత్తింది. ఆయన మైకుకి దగ్గరగా వంగి, ఎప్పుడూ వినని గొంతుతో అన్నారు.

"ఐదు నెలలైంది... మా పార్టీ పెద్దాయన నా ఫోన్ ఎత్తడం లేదు."

"ఇంకా మూడు సెకన్లున్నాయి సార్," అంది వదిన.

మంత్రిగారు ఆలోచించారు. ఆ మూడు సెకన్లలో చెప్పడానికి ఆయనకి ఏమీ దొరకలేదు.