ఆప్షన్లు లేని రోగి

ఆ రోజు పది గంటలకు తనిఖీ. నర్సింగ్ కాలేజీ ట్యూటర్ వేసుకున్న పథకం చిన్నదే. తెరమీద వీడియో నడుస్తుంది, అందులో రోగి ఛాతీ పట్టుకుంటాడు. వీడియో ఆగి నాలుగు ఆప్షన్లు చూపిస్తుంది. నలభై మంది విద్యార్థినులు ఆలోచించి ఫోన్లలో ఒకటి నొక్కుతారు. ఎక్కువ మంది ఏది నొక్కితే కథ అటు పోతుంది, తప్పు నొక్కితే రోగే పోతాడు. సొంతంగా ఆలోచించడం నేర్పే పాఠం అది. తనిఖీకి వచ్చే అధికారికి నచ్చితే ట్యూటర్ కాంట్రాక్టు ఇంకో ఏడాది సాగుతుంది, నచ్చకపోతే నెలాఖరుకు ఇంటికే. రోగిగా నటించింది ఆమె భర్త.

పిల్లల ఆలోచనను నమ్ముకుంటే కొంప మునుగుతుందని ఆమె వారం రోజులుగా జవాబులు బట్టీ పట్టించింది. రెండు, నాలుగు, ఒకటి. ఆ పొద్దున చివరిసారి చెప్పిస్తుంటే, క్లాసంతా "ఎందుకు" అని పిలిచే అమ్మాయి ఒక్కతే లేచింది.

"ముందు రెండే ఎందుకు మేడమ్?"

"నీకు దణ్ణం పెడతానే తల్లీ. ఇవాళ్టికి నోరు మూసుకుని రెండు నొక్కు."

తొమ్మిదిన్నరకు చూస్తే ప్రొజెక్టర్ కేబుల్ లేదు. ఇంట్లోనే మర్చిపోయింది. భర్తకు ఫోన్ చేసింది.

"ఇప్పుడే ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ ముందు కూర్చున్నానే."

"తర్వాత తిందురుగాని, ఉన్నపళంగా రండి. నా ఉద్యోగం మీ చేతిలో ఉంది."

దారిలో స్కూటర్ మొరాయించింది. కాలేజీలో లిఫ్టు పనిచేయలేదు. మూడంతస్తులు ఎక్కి అతను హాల్లోకి వచ్చేసరికి పదీ ఇరవై. ముందు వరసలో అధికారి అప్పటికే నాలుగోసారి వాచీ చూసుకుంటున్నాడు. భర్త కుర్చీలో కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి.

"ఏవండీ, కేబుల్ ఇవ్వండి."

అతను వదల్లేదు. ఏదో గొణిగాడు.

అధికారి ముందుకు వంగాడు. "ఓహో, వీడియో అనుకున్నాను. మనిషినే తెచ్చారే! కానివ్వండమ్మా."

ట్యూటర్‌కు ప్రాణం లేచొచ్చింది. తనను గట్టెక్కించడానికే నటిస్తున్నాడనుకుంది. వీడియో తీసినప్పుడు మీకు నటన రాదని తిట్టింది కూడా.

"మేడమ్, ఆప్షన్లు రాలేదు," అంది ఫోన్ చూసుకుంటున్న ఒక విద్యార్థిని.

"వచ్చాయనుకోండి."

"రెండు!" అన్నాయి ముప్పై తొమ్మిది గొంతులు. రెండంటే ఆక్సిజన్. ఎవరూ లేచి పెట్టలేదు. నొక్కడమే వాళ్లకు తెలుసు. రోగి కుర్చీలో ఒక పక్కకు జారాడు.

"వీడియోలో కంటే సార్ బాగా చేస్తున్నారే!"

"నాలుగు!"

వెనక బెంచీలో "ఎందుకు" లేచింది. ట్యూటర్ కళ్లెర్రజేసింది.

"నటనైతే చొక్కా ఎందుకు తడిసింది మేడమ్? వీడియోలో సార్‌కి చెమటే పట్టలేదు కదా."

జవాబు కోసం ఆగకుండా అతని దగ్గరికి వచ్చింది. "సార్, పొద్దున ఏం తిన్నారు?"

"టేబుల్ మీద... ఉంది."

ఇన్సులిన్ మాట ట్యూటర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. వేసుకుని తినలేదంటే ఒంట్లో చక్కెర పడిపోయినట్టే. అధికారి నోటిదాకా తీసుకెళ్లిన పళ్లరసం గ్లాసును ఆ పిల్ల లాక్కుంది. రోగిని నిటారుగా కూర్చోబెట్టి గుక్క గుక్కగా తాగించింది. పావుగంటకు అతను కళ్లు నిలిపి చూశాడు.

"కేబుల్ అందిందా?"

ట్యూటర్ నేలమీద కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. కేబుల్ ఇంకా ఆ చేతిలోనే ఉంది. తాను నోరు మూయించింది ఎవరినో తలుచుకుంటే ఆమెకు తలెత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం నివేదిక వచ్చింది. "ప్రదర్శన సహజంగా ఉంది. ట్యూటర్‌ను కొనసాగించవచ్చు. అడగకుండా మాట్లాడి, అతిథి గ్లాసు లాక్కున్న విద్యార్థినిని పది రోజులు సస్పెండ్ చేయాలి."

కింద ట్యూటర్ సంతకానికి చోటు వదిలారు, ఆప్షన్లు మాత్రం ఇవ్వలేదు.