కొండ రూటు అధ్యయన బస్సు

మంగళవారం ఉదయం ప్రభుత్వం గడగడలాడబోతోందని శాసనసభ్యులవారు సోమవారం సాయంత్రమే పత్రికలవాళ్లను పిలిచి చెప్పారు. ఏదైనా ముందుగా చెప్పి చేయడం ఆయన మర్యాద. చెప్పాపెట్టకుండా గడగడలాడించడం ఆయన రక్తంలోనే లేదు.

"ఏ విషయం మీద సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"అది రేపు సభలో అందరికీ తెలుస్తుంది," అన్నారాయన గంభీరంగా.

విలేకరులు వెళ్లిపోయాక వెనక్కి తిరిగి, "ఇంతకీ ఏ విషయమయ్యా?" అని పీఏని అడిగారు.

"బస్సండీ. కొండ రూటు బస్సు."

"విమానాశ్రయం అనుకున్నాం కదా?"

"విమానాశ్రయం వచ్చే సమావేశాల్లో సార్. ముందు బస్సు మీద జనం మండిపడుతున్నారు."

నిజానికి మండిపడుతున్నది పీఏ అక్క. అమ్మ పోయాక అతన్ని పెంచి, చదివించి, చొక్కా ఇస్త్రీ చేసి ఈ ఉద్యోగానికి పంపింది ఆవిడే. కొండ మీది ఆసుపత్రిలో టెంపరరీ నర్సు. పోయిన వానలకి రోడ్డు కోసుకుపోయి బస్సు ఆగిపోయింది. తర్వాత రోడ్డు బాగుచేశారు గానీ బస్సు సంగతి అందరూ మర్చిపోయారు. అప్పట్నుంచి ఆవిడ పాలవ్యాన్‌కి చెయ్యెత్తి డ్యూటీకి వెళుతోంది.

"డబ్బాల మధ్య నిలబడి వెళుతున్నాన్రా," అంది ఆ ఆదివారం ఫోన్లో. "వార్డులో అడుగుపెట్టగానే రోగులు పాలొచ్చాయా అని అడుగుతున్నారు."

"పెద్ద డాక్టరు ఏమంటున్నాడక్కా?"

"ఇలా ఆలస్యంగా వస్తుంటే ఇంకో మనిషిని చూసుకుంటానన్నాడు. ఆయన్ని అనడానికి లేదురా. నేను వెళ్లేదాకా రాత్రి డ్యూటీ పిల్ల ఇంటికి కదలకూడదు కదా. మీ సార్ చెవిన ఒక్క మాట వెయ్యరా."

పీఏ మాట చెవిన వేయలేదు. ఏకంగా సభలోనే వేశాడు. అక్క కోసం ఇంత పని చేయగలిగినందుకు ఆ రాత్రి అతనికి ఎంతో గర్వంగా అనిపించింది.

మంగళవారం సభలో రవాణా మంత్రిగారు లేచి జవాబు చదివారు. "మొదటి ప్రశ్నకు, లేదండి. రెండో ప్రశ్నకు, పై జవాబు దృష్ట్యా ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు."

శాసనసభ్యులవారు ఒంటికాలిమీద లేచారు. "కొండ రూటు బస్సు ఆపేసిన మాట వాస్తవం కాదా అధ్యక్షా?"

"ఆపలేదు అధ్యక్షా. బస్సు భేషుగ్గా ఉంది. డిపోలో ఉంది."

"డిపోలో ఉంటే జనం ఎలా ఎక్కుతారు?"

"ఎక్కడం గురించి గౌరవ సభ్యులు తమ ప్రశ్నలో అడగలేదు. కావాలంటే విడిగా నోటీసు ఇమ్మనండి."

"డీజిల్‌కని పెట్టిన ప్రజాధనం ఏమైంది? జనానికి జవాబు కావాలి!"

"ప్రజాధనం ఒక్క చుక్క కూడా వృథా కానివ్వలేదు అధ్యక్షా. ఆ సొమ్ముతో కొత్త షెల్టర్లు కట్టించాం. బస్సు రాని చోట ప్రయాణికులు ఎక్కువసేపు కూర్చోవాల్సి వస్తుంది. అందుకని ఆ రూటుకే ముందు కట్టించాం."

సభ్యులు బల్లలు చరిచారు. ఊపులో శాసనసభ్యులవారు కూడా చరిచారు. గ్యాలరీలోంచి పీఏ తల అడ్డంగా ఊపడం చూసి ఆగి, అదే చేత్తో మంత్రిగారి వైపు వేలు చూపించారు.

"అసలు ఆ రూట్లో ప్రయాణికులు ఉన్నారా లేరా అన్నది తేలాలి," అన్నారు మంత్రిగారు. "అందుకు సభాసంఘం వేస్తున్నాం."

"ఇది కాలయాపన! మేం ఒప్పుకోం!"

"దానికి గౌరవ సభ్యులనే చైర్మన్‌గా ఉండమని కోరుతున్నాను."

శాసనసభ్యులవారు కాసేపు ఆవేశంగా నిలబడి, తర్వాత ఆవేశంగానే కూర్చున్నారు. మర్నాడు పత్రికలు ప్రభుత్వం దిగివచ్చిందని రాశాయి. ఎంత దూరం దిగివచ్చిందో రాయలేదు.

చైర్మన్‌గారికి కారు వచ్చింది. కారుకి ముందో జీపు వచ్చింది. పీఏ కమిటీ సెక్రటరీ అయ్యాడు. అతనికి ఒక గది, గదికో బోర్డు, అతను వస్తే లేచి నిలబడే ఒక ప్యూను కూడా వచ్చారు. మొదటిరోజు ప్యూను లేచినప్పుడు పీఏ కంగారుపడి తనూ లేచాడు. వారం తిరిగేసరికి ప్యూను లేవడం కాస్త ఆలస్యమైతే అతనికి చిరాకు రావడం మొదలైంది.

అధ్యయనం బస్సులోనే జరగాలి కాబట్టి రవాణా అధికారి బస్సుని సిద్ధం చేశాడు. పాత సీట్లు పీకించి సోఫాలు వేయించాడు. కర్టెన్లు, ఏసీ, కాఫీ మెషీను పెట్టించాడు. ప్రయాణికులు పడే బాధలు సభ్యులు కూర్చుని చర్చించడానికి మధ్యలో ఒక రౌండ్ టేబుల్ కూడా వేయించాడు.

"అక్కా, రేపు బస్సొస్తోంది!" అని పీఏ ఫోన్ చేశాడు.

"నా బంగారు తమ్ముడివిరా!" అంది అక్క. ఆ మాటకి అతని కళ్లు చెమర్చాయి.

మర్నాడు కొండ కింద షెల్టరు నిండా జనం. బడికి వెళ్లే పంతులమ్మ, సంతకి వెళ్లే కూరగాయలవాళ్లు, తెల్ల యూనిఫాంలో అక్క. వాళ్లందరి ముందూ తాడు కట్టి పోలీసులు నిలబడ్డారు. బస్సు వచ్చింది. హారన్ కొట్టింది. వెళ్లిపోయింది.

"అదేంటండీ, ఆగలేదేం?" అన్నాడు పీఏ, సోఫాలోంచి సగం లేచి.

"ఆగితే ఎక్కేస్తారండీ," అన్నాడు రవాణా అధికారి.

"ఎక్కడానికే కదా వచ్చారు!"

"అయ్యయ్యో, ఇది శాస్త్రీయమైన అధ్యయనం. పైగా లోపల గౌరవ సభ్యులున్నారు. సెక్యూరిటీ వాళ్లు బయటి మనిషిని ఎక్కనివ్వరు."

"నిజమేనయ్యా," అన్నారు చైర్మన్‌గారు కాఫీ చల్లార్చుకుంటూ. "శాస్త్రీయంగానే పోదాం. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు."

కమిటీ మధ్యంతర నివేదిక ఇచ్చింది. సభ్యులు ఈ చివర్నుంచి ఆ చివరి దాకా స్వయంగా ప్రయాణం చేశారనీ, దారి పొడుగునా బస్సులో ఒక్క ప్రయాణికుడు కూడా కనబడలేదనీ అందులో ఉంది. అయితే ఒక్క రోజు చూసి తేల్చేయడం ప్రజలకు అన్యాయం అవుతుంది. కాబట్టి ఎండల్లో, వానల్లో, చలిలో కూడా రోజూ ఉదయం అధ్యయనం కొనసాగించాలని చైర్మన్‌గారు పట్టుబట్టారు. అందుకయ్యే ఖర్చు గురించి ఈసారి సభలో ఎవరూ ప్రశ్న వేయలేదు. అలాంటివి వేసే సభ్యుడు కమిటీలో ఉన్నారు.

అలా కొండ రూట్లో బస్సు రోజూ తిరగడం మొదలైంది. ఇదంతా శాసనసభ్యులవారి పోరాట ఫలితం.

పది రోజులు పోయాక అక్క మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"ఒరేయ్, మీ బస్సు వెళ్లేదాకా రోడ్డు మీదికి ఏ బండినీ రానివ్వడం లేదురా. పాలవ్యాన్‌ని కూడా ఆపేస్తున్నారు. అంతకుముందు కాస్త ఆలస్యమయ్యేది. ఇప్పుడు పొద్దెక్కేదాకా షెల్టర్లోనే కూర్చుంటున్నాను."

"డాక్టరుతో నేను మాట్లాడనా?"

"మాట్లాడేదేం లేదు. రేపు టైముకి రాకపోతే కొత్త మనిషికి నా పని అప్పగిస్తానన్నాడు. ఆవిడ వచ్చి బల్ల మీద కూర్చునే ఉంది. తమ్ముడూ, రేపు ఒక్కరోజు ఆపించరా. డ్రైవరు పక్కన మెట్టు మీద కూర్చుంటాను, మీ సోఫాలు నాకొద్దు. షెల్టరు ముందు చెయ్యెత్తి నిలబడతాను. కనబడతాను కదా?"

"కనబడతావక్కా. ఏమైనా సరే ఆపిస్తాను. ఒట్టు."

ఒట్టు పెట్టినప్పుడు పీఏ మనసా వాచా పెట్టాడు. మర్నాడు బస్సెక్కాక కూడా అదే పట్టుదలతో ఉన్నాడు. కొండ కింది ఊరు కనబడగానే లేచి చైర్మన్‌గారి సోఫా దగ్గరికి వెళ్లాడు.

"సార్, ముందు షెల్టరు దగ్గర ఒక్క నిమిషం ఆపుదామండీ."

"ఏమయ్యా, కడుపులో తిప్పుతోందా?"

"అది కాదు సార్. అక్కడొక నర్సు... ఆసుపత్రికి వెళ్లాలి. ఆవిడొక్కర్నీ ఎక్కించుకుంటే..."

చైర్మన్‌గారిది మెత్తని మనసు. "పాపం, ఎక్కించుకుందాం. ఏమంటావయ్యా?" అని రవాణా అధికారి వైపు తిరిగారు.

"మీ ఇష్టం సార్," అన్నాడు అధికారి. "కాకపోతే ఆవిడ ఎక్కితే ప్రయాణికులు ఉన్నట్టు తేలిపోతుంది."

"తేలితే?"

"అధ్యయనం అయిపోయినట్టే సార్. కమిటీ రద్దు. ఈ బస్సు వాళ్లకి ఇచ్చేయాలి. కారు, జీపు వెనక్కి పంపాలి. సెక్రటరీగారు గది తాళం ఇచ్చి పాత పనిలోకి వెళ్లాలి."

కాఫీ మెషీను ఒక్కటే గుర్రుమంటోంది. చైర్మన్‌గారు పీఏ వైపు చూశారు. "ఆపించమంటావా? నీ మాట నేనెప్పుడు కాదన్నాను?"

పీఏ నోరు తెరిచాడు. అతనికి అక్క గుర్తొచ్చింది. ప్యూను కూడా గుర్తొచ్చాడు. తెరిచిన నోరు అలాగే మూసుకుని, వెళ్లి కిటికీ పక్కన తన సోఫాలో కూర్చున్నాడు.

షెల్టరు వచ్చింది. తాడు వెనక అందరికన్నా ముందు తెల్ల యూనిఫాంలో అక్క మునివేళ్ల మీద లేచి, చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. ఒక్కో కిటికీలోకీ వెతుకుతోంది.

చైర్మన్‌గారు కర్టెన్ పక్కకి లాగారు. ముఖం వెలిగిపోయింది. "చూశావటయ్యా! జనానికి మనమంటే ఎంత ప్రేమో! ఊపు, ఊపు. నువ్వు కూడా చెయ్యి ఊపు."

పీఏ చెయ్యెత్తి ఊపాడు.

బస్సు మలుపు తిరిగేదాకా చైర్మన్‌గారు వెనక్కి చూస్తూనే ఉన్నారు.

"ఆవిడెవరో గానీ ఇంకా చెయ్యి దించలేదయ్యా," అన్నారు మురిసిపోతూ.