రద్దు కాని మూడు స్టాంపులు

పదకొండింటికి కోర్టు రికార్డుల అధికారిణి కుజె గారు వస్తారు. ఆలోగా ఆ పాత ఫైలును గుడ్డలో జాగ్రత్తగా చుట్టి ఉంచాలి. ఆ ఉదయం గుమాస్తా ఒయికావాకు ఉన్న పని అంతే. పట్టణ కార్యాలయం తన నూరేళ్ల ఆదాయవ్యయాల మీద పెట్టిన ప్రదర్శన కోసం కోర్టువాళ్లు ఎరువిచ్చిన ఫైలు అది. కితకామి నది మీది వంతెన ఖర్చు గురించి పక్క ఊరి మీద నూరేళ్ల కిందట, తైషో చక్రవర్తి కాలంలో, ఈ పట్టణం వేసిన దావా అర్జీ, దాని మీద మూడు కోర్టు రుసుము స్టాంపులు.

ఆఖరిసారి చూద్దామని తెరిచాడు. స్టాంపులు మళ్లీ వాడకుండా వేసే రద్దు ముద్ర వాటి మీద లేదు. ఇరవై ఏళ్లు కాంట్రాక్టుల బల్ల దగ్గర స్టాంపులు రద్దు చేసిన చెయ్యి అది, ఆగుతుందా? జేబులోంచి పేరు ముద్ర తీసి, సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా మూడుసార్లు చక్కగా వేసేసింది. బుర్ర ఆ తర్వాత పనిచేసింది.

ఒయికావా పదవీవిరమణకు ఇంకా ఎనిమిది నెలలే. నూరేళ్ల కాగితాన్ని పాడుచేశాడన్న పేరుతో ఇంటికి పోవాలా? పాత కాగితాలు బాగుచేసే నిపుణుడికి ఫోన్ చేద్దామని వరండాలోకి పరిగెత్తాడు. ఎవరూ ఎత్తలేదు. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఫైలు లేదు.

"మినెగిషి గారూ, ఇక్కడ ఫైలు..." అన్నాడు పక్క బల్ల ఆవిడతో.

"మీరు ముద్ర వేసి పెట్టారుగా! అందరికీ తిరగాల్సిన కాగితమేమోనని నేనూ ఒకటేసి గోమి గారికి పంపాను."

"చదివారా?"

"చదవడమా! పొద్దున్నుంచి నలభై వచ్చాయండీ."

సెక్షన్ హెడ్ గోమి గారు పై అంతస్తులో ఉన్నారు.

"ఆ, వేశానయ్యా. అదేం రాత, ఒక్క ముక్క అర్థం కాలేదు. నీ ముద్ర ఉందిగా, ఇంకేం కావాలి? ఉపమేయరు గారికి పంపించాను."

ఉపమేయరు గది బయట ఫైలు చేతికొచ్చింది. అంచున మరో మూడు ముద్రలు. కింది ఉద్యోగులవి ఆఫీసు మర్యాద ప్రకారం ఎడమకు వంగి, ఉపమేయరు గారి నిటారు ముద్రకు నమస్కరిస్తున్నాయి.

కుజె గారు సరిగ్గా పదకొండింటికి వచ్చారు. ఒయికావా నుదురు బల్లకు తగిలేంతగా వంగాడు. "తప్పంతా నాదేనండీ. మిగతావాళ్లు నన్ను నమ్మారు, అంతే." మినెగిషి చప్పుడు చేయకుండా అతని ముందు వేడి టీ పెట్టి వెళ్లింది.

కుజె గారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"నూట ఆరేళ్లుగా ప్రతి తనిఖీలోనూ 'రద్దు కాని స్టాంపులు మూడు, కారణం తెలియదు' అని రాస్తున్నామండీ. నాకు ముందు పధ్నాలుగు మంది రాశారు. రద్దు చేసే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. వచ్చే నెల నాకు బదిలీ. ఇది కొత్తవాళ్లకు ఎలా అప్పగించాలా అని నిద్ర పట్టడం లేదు..." కళ్లు ఒత్తుకున్నారు.

"కానీ, కాగితం పాడైంది కదండీ?"

"పాడవడమేంటి! ఉపమేయరు గారే ముద్ర వేసి ఒప్పుకున్నారుగా." ఆమె గొంతు తగ్గించారు. "ఇలాంటివి మా దగ్గర ఇంకా పదకొండు ఫైళ్లున్నాయి. గురువారం తీసుకురానా?"

ఒయికావా అప్పటికప్పుడే కొత్త ఇంకు ప్యాడు కోసం అర్జీ పెట్టాడు. గురువారం వచ్చి వెళ్లింది, ప్యాడు మాత్రం రాలేదు. ఆ ప్యాడు అర్జీ ఎవరి ముద్ర కోసం, ఎవరి బల్ల మీద ఆగిందో ఇప్పటికీ తెలియదు.